మాత్ర ఇచ్చే ముందు మనిషిని చూడు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సుమకు అమ్మ ఆశీస్సులు.

బెంగళూరులో మీ వృద్ధుల హోమ్‌లో వచ్చే సోమవారం నుంచి మందుల ట్రాలీ నీకే అప్పజెబుతున్నారని ఫోన్‌లో చెప్పావు. సంతోషంతో పాటు నీ గొంతులో టెన్షన్ కూడా వినిపించింది. ఉండనీ, ఆ టెన్షన్ పూర్తిగా పోతేనే నాకు భయం. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదని ఇలా రాస్తున్నాను. ఇందులో చాలావరకు నేను వార్డుల్లో పనిచేస్తూ నేర్చుకున్నదే.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మెడికేషన్ ఎయిడ్ అని విడిగా ఒక ఉద్యోగం ఉంది. నర్సు అజమాయిషీలో మందులు ఇవ్వడానికి వాళ్లకు ప్రత్యేకంగా శిక్షణ, పరీక్ష ఉంటాయి. నువ్వు చదివింది జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు. అందుకని సిస్టర్ తీసిపెట్టిన మాత్రలు, సిరప్‌లు అందించడం, మింగేదాకా దగ్గరుండడం, చార్టులో రాయడం, అంతవరకే నీ పని. "రోజూ చూస్తూనే ఉన్నావుగా, ఈ ఒక్కసారికి ఇన్సులిన్ నువ్వే వేసెయ్" అని ఎవరైనా అంటారు. వెయ్యొద్దు. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలూ ఉంటాయి, 100 యూనిట్ల సీసాలూ ఉంటాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 సీసాలోని మందు ఎర్ర మూత సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లు అయిపోతుంది. అది ప్రాణం మీదికొచ్చే సంగతి.

ఇక అసలు విషయం. గదిలోకి వెళ్లగానే మాత్రల డబ్బా తెరవకు, ముందు మనిషిని చూడు. డాక్టరు వారానికోసారి వస్తారేమో, కొడుకో కూతురో ఆదివారం వస్తారేమో. రోజుకు రెండు మూడుసార్లు ఆ ముఖాన్ని దగ్గరగా చూసేది నువ్వు. నిన్న బాగానే మాట్లాడిన మామ్మ ఇవాళ సంబంధం లేకుండా మాట్లాడుతుంటే వయసైపోయిందిలే అని సరిపెట్టుకోకు. ముసలివాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా జ్వరం లేకుండా అలాగే బయటపడొచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మంచం మీద నుంచి లేవగానే తూలుతున్నారా, చూడు. పాదాలు వాచాయా? ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వల్ల కూడా వాస్తాయి. కారణం తేల్చడం నీ పని కాదు, చూసింది చూసినట్టు సిస్టర్‌కి చెప్పు చాలు.

మా వార్డులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఒకరోజు టిఫిన్ ముట్టకుండానే షుగర్ మాత్ర వేసేసుకున్నారు. పదకొండింటికి నా చెయ్యి పట్టుకుని "రైలుకి టైమైంది, టికెట్ ఏదమ్మా" అని ఒకటే గొడవ. మతి తప్పిందని పక్క మంచం వాళ్లు జాలిపడుతున్నారు. చూస్తే చొక్కా వీపు దగ్గర తడిసి ఒంటికి అతుక్కుపోయింది, నా చేతిని పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. వేలు పొడిచి చూస్తే షుగర్ 48. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకి మళ్లీ చూస్తే పెరిగింది, ఆయన మామూలు మనిషయ్యారు. రైలు మాట అడిగితే ఏ రైలు అన్నారు. 70 కంటే తగ్గితే ఇలాగే చెయ్యాలి, కానీ స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది గుర్తుపెట్టుకుని, ఇడ్లీ అలాగే వదిలేసిన ప్లేటు కనిపిస్తే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర ఇవ్వకుండా ఆగి సిస్టర్‌ని పిలువు.

పేరు విషయంలో మరీ జాగ్రత్త. మన తెలుగువాళ్లున్న చోట ఇద్దరు లక్ష్మమ్మలు ఉండకపోరు. "మీరు లక్ష్మమ్మ గారేనా?" అని అడగొద్దు. చెవి వినపడనివాళ్లు దేనికైనా ఊఁ అంటారు. "మీ పేరేంటమ్మా?" అని అడిగి వాళ్ల నోటితోనే చెప్పించు. కన్నడవాళ్లయితే "నిమ్మ హెసరేను" అను, ఆ రెండు ముక్కలూ నీకు వచ్చు కదా. తర్వాత చార్టులో ఫొటో కూడా చూసుకో.

మన పెద్దవాళ్లకి పొద్దున్నే కాఫీ పడందే తెల్లవారదు. కానీ థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకి దానికి నాలుగు గంటల ఎడం కావాలి. ఎముకల కోసం వారానికోసారి ఇచ్చే అలెండ్రోనేట్ వేసుకుంటే గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంట పడుకోకుండా కూర్చోవాలి, లేకపోతే ఆహారనాళం పుండు పడుతుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున రోజూ ఇచ్చి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. వారంలో ఏ రోజు ఇవ్వాలో చార్టులో రాసి లేకపోతే ఇవ్వకు. పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు ఉన్నవాళ్లు వేసుకునే లెవోడోపా మాత్రకి మాత్రం అరగంట ఆలస్యమైనా కాళ్లు కదలవు, ట్రాలీ వాళ్ల గది నుంచే మొదలుపెట్టు.

మాత్ర మింగలేకపోతున్నారని నలిపి పెరుగన్నంలో కలపడం ఇళ్లలో అందరూ చేసేదే. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఎల్ అని ఉంటే అస్సలు నలపకూడదు, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పైగా చెప్పకుండా అన్నంలో కలిపిస్తే వాళ్లు నిన్నెలా నమ్ముతారు? వద్దంటే వద్దన్నారని రాసి సిస్టర్‌కి చెప్పు. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది, చేదనో, రాత్రిళ్లు బాత్రూంకి లేవాల్సి వస్తోందనో. పక్కన కూర్చుని అడిగితే చెబుతారు.

మింగాక బుగ్గలో, నాలుక కింద చూడు. కొందరు మామ్మలు చెంగు కొసన ముడేసి దాస్తారు. దిండు కింద కూడా చూడు, పిల్లలు తెచ్చిచ్చిన డోలో 650 స్ట్రిప్ అక్కడే ఉంటుంది. నువ్వు జలుబు మాత్ర ఇస్తావు, అందులోనూ పారాసెటమాల్ ఉండొచ్చు, రెండూ కలిసి కాలేయం మీద పడతాయి.

మింగిన తర్వాతే సంతకం పెట్టు, ముందే వరసగా పెట్టుకుంటూ పోవద్దు. ఒకవేళ ఒకరిది ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ నిమిషంలోనే సిస్టర్‌కి చెప్పు. తిట్లు తర్వాత తినొచ్చు.

మూతి ఒక పక్కకి పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, మాత్రల సంగతి వదిలేసి సిస్టర్‌ని కేకెయ్, 108కి ఫోన్ చేయించు. ఆఖరిసారి బాగా ఉన్నట్టు చూసిన టైము కాగితం మీద రాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి ఆస్పత్రిలో ముందు అడిగేది అదే.

వైట్‌ఫీల్డ్‌లో పొద్దున చలిగా ఉంటోందన్నావు, స్వెట్టర్ వేసుకునే డ్యూటీకి వెళ్లు. ఏ మందు గురించైనా అర్థం కాకపోతే నాకు ఫోన్ చెయ్యి, రాత్రయినా పర్లేదు. కానీ ముందు మీ సిస్టర్‌ని అడుగు. అక్కడి మనుషులు నాకు తెలియరు, ఆవిడకి తెలుసు.

ఉంటాను.
మీ అమ్మ