చీకటి గది సంగతులు

చిన్నీ,

పీహెచ్‌డీలో చేరనా అని అడిగావు. అదీ నా దారిలోనే, దీపాలు, తెరలు, మనిషి చూపు. చేరమనను, వద్దనను. రోజులెలా గడుస్తాయో చెప్తాను, తర్వాత నీ ఇష్టం.

ఎక్కువగా చీకటి గదిలోనే. ప్రయోగానికి వచ్చినవాళ్ల కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట ఆగాలి. ఆ తర్వాత ఒకటే ప్రశ్న, వందలసార్లు: "ఎడమదా, కుడిదా, ఏది ఎక్కువ వెలుగు?" వాళ్లకంటే ముందు నీకే నిద్రొస్తుంది.

ఇలాంటి ప్రశ్నల మీదే నీ ఫోన్ తెర రంగులు నిలబడ్డాయి. 1931లో సీఐఈ, అంటే వెలుగు, రంగుల కొలతలకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ, ఖాయం చేసిన 'ప్రామాణిక పరిశీలకుడు' అసలు మనిషే కాదు. ఇంగ్లండ్‌లో రైట్ అనే శాస్త్రవేత్త 10 మందితో, గిల్డ్ అనే ఇంకొకాయన 7 మందితో చేసిన కొలతల సగటు! చాలాకాలం దానితోనే పని జరిగింది. ఇప్పుడు లేజర్ ప్రొజెక్టర్లలో ఒక్కో రంగూ మరీ సన్నటి తరంగదైర్ఘ్యాల పట్టీగా వస్తోంది. అందుకే రంగు కొలిచే మీటరు ఒకటేనని చూపించిన రెండు తెలుపులు ఒకరికి ఒకలా, పక్కవాళ్లకు వేరుగా కనిపిస్తాయి. ఎవరూ అబద్ధమాడటం లేదు.

ఇది నాకు ఆలస్యంగా ఎక్కింది. మొదట్లో ఒకావిడ ఎల్‌ఈడీ మినుకుమంటోందని పదేపదే అంది. అది సెకనుకు వెయ్యిసార్లు వెలిగి ఆరుతోంది. వంద దాటితే కంటికి తెలియదని నేను చదువుకున్న పాఠం. ఆవిడ జవాబులన్నీ తీసి పక్కన పెట్టేశాను. ఆవిడేమో దీపాన్ని తదేకంగా చూడట్లేదు, చూపు అటూ ఇటూ తిప్పుతోంది. చూపు చటుక్కున జరిగేటప్పుడు ఆ మినుకే రెటీనా మీద చుక్కల వరసలా పరుచుకుంటుంది. రాత్రి కార్ల వెనక దీపాల మీదుగా చూపు విసిరి చూడు, కొన్నిటికి నీకూ కనిపిస్తుంది. నేనేదో కనిపెట్టాననుకున్నాను గానీ, దాని మీద పేపర్లు అప్పటికే ఉన్నాయి. నేనే చదవలేదు.

గ్రాంట్ల తిప్పలు, రివ్యూయర్ల వెటకారం ఎక్కడైనా ఉండేవే, వాటికి భయపడకు.

మొన్న నా స్టూడెంట్ నన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. నీలం దగ్గర నా అంకెలు అందరికీ దూరంగా పడ్డాయి. వయసుతో కంటి లెన్స్ పసుపుబారి నీలాన్ని మింగేస్తుందని ఏటా క్లాసులో చెప్పేదాన్నే. "మేడమ్, మీ డేటా తీసేద్దామా?" అన్నాడు, పాపం మొహమాటంగా.

ఉంచమన్నాను.

అమ్మ