ఒళ్లో బిడ్డతో ముందు సీటు ప్రయాణాలా?

సంపాదకుల వారికి,

పది పన్నెండు లక్షలు పోసి కారు కొంటారు, సీట్ కవర్లకీ మ్యూజిక్ సిస్టమ్‌కీ ఎంతైనా పెడతారు, పసిబిడ్డని మాత్రం ముందు సీట్లో అమ్మ ఒళ్లో పెట్టుకుని హైవే ఎక్కేస్తారు. హైదరాబాద్-విజయవాడ రోడ్డులో ఏ టోల్ గేట్ దగ్గరైనా చూడండి, ఇదే వరస. సడన్ బ్రేక్ పడితే ఆ బిడ్డని ఏ చేతులూ ఆపలేవు, పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగ్, అది విచ్చుకుంటే ఆ దెబ్బ బిడ్డకే!

14 ఏళ్లలోపు పిల్లలకి సీటు బెల్టు గానీ చైల్డ్ సీటు (కారు సీటుకి బిగించే పిల్లల సీటు) గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. ఎవరికైనా వేయగా నేనైతే చూడలేదు.

చైల్డ్ సీటు కొనేవాళ్లు కూడా రంగూ మెత్తదనం చూసి కొనేస్తున్నారు. షాపువాడు వయసు అడుగుతాడు, అసలు చూడాల్సింది బరువు, ఎత్తు. యూరప్‌లో చైల్డ్ సీట్లకి వాడే ఆర్129 అనే భద్రతా ప్రమాణం ప్రకారం 15 నెలలు నిండేదాకా బిడ్డ ముఖం కారు వెనక్కే ఉండాలి, ఎందుకంటే పసివాళ్లకి తల బరువెక్కువ, మెడకి బలం తక్కువ. ముందుగా మీ కారు వెనక సీట్లో, కూర్చునే భాగానికీ వీపు ఆనే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూడండి, ఐసోఫిక్స్ (బెల్టు లేకుండా చైల్డ్ సీటుని నేరుగా కారుకి తగిలించే ఏర్పాటు) ఉంటే ఇనుప కడ్డీలు తగులుతాయి, లేకపోతే బెల్టుతో బిగించే రకమే తీసుకోవాలి. బిగించాక బిడ్డ భుజం దగ్గర పట్టీ మీ వేళ్ల మధ్య మడత పడుతోందంటే వదులుగా ఉన్నట్టే. పాత సీటు తక్కువకి వస్తోందని తెలియనివాళ్ల దగ్గర కొనకండి, అది యాక్సిడెంట్ అయిన కారులోదేమో ఎవరికి తెలుసు?

హెల్మెట్ల మీద పెట్టే శ్రద్ధలో కాస్త పోలీసులు ఇటు కూడా పెట్టాలి, ప్రసూతి ఆసుపత్రులేమో డిశ్చార్జి రోజు టీకాల కార్డుతో పాటు ఈ నాలుగు ముక్కలూ చెప్పి పంపాలి.

- ఒక పాఠకురాలు, సూర్యాపేట