ఏ ఏడాది సోవియట్?

బావా,

నీ ఉత్తరం అందింది. రష్యా విప్లవం పుస్తకం మొదలుపెట్టి నాలుగు అధ్యాయాలకే మూసేశానన్నావే, అది చదివాక ఊరుకోలేక వెంటనే రాస్తున్నాను. బోల్షివిక్కులు, మెన్షివిక్కులు, కాడెట్లు, ఎస్సార్లు, డ్యూమా, సోవియట్, రాజ్యాంగ సభ... వీటిలో ఏది పార్టీ, ఏది సభ, ఏది సర్కారు అన్నదే తేలడం లేదంటున్నావు. తప్పు నీది కాదురా. చాలా పుస్తకాలు ఒక్కో పేరుకి ఒక్కో అర్థం చెప్పేసి ముందుకు పోతాయి. ఆ పేర్లు మాత్రం ఇరవై ఏళ్లలో ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయి, అర్థాలు మార్చుకున్నాయి. అందుకని ఏ పేరు తగిలినా ముందు "ఇది ఏ ఏడాది సంగతి?" అని అడుగు. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తారీఖుల గొడవ కూడా ఇక్కడే తేల్చేస్తాను. 1918 ఆరంభం దాకా రష్యాలో పాత కాలెండరే నడిచింది. మన లెక్కకి అది 13 రోజులు వెనక. అందుకే ఫిబ్రవరి విప్లవం మనకి మార్చిలోనూ, అక్టోబర్ విప్లవం నవంబర్ 7నా పడతాయి. అప్పటిదాకా రష్యా సంగతులకి నేను వేసే తారీఖులన్నీ పాతవే.

బోల్షివిక్కులతో మొదలుపెడదాం. 1903లో రష్యా సోషల్ డెమోక్రాట్ల (అప్పటి మార్క్సిస్టు కార్మిక పార్టీ) రెండో మహాసభ బ్రస్సెల్స్‌లో మొదలైంది. పోలీసులు నిలవనివ్వకపోతే లండన్‌కి మారింది. పార్టీ సభ్యుడంటే ఎవరు అన్న దగ్గర తగాదా వచ్చింది. పార్టీ శాఖలో స్వయంగా పని చేసేవాడే సభ్యుడని లెనిన్, శాఖ చెప్పినట్టు సాయం చేసేవాడు కూడా సభ్యుడేనని మార్తోవ్. ఓటు పెడితే మార్తోవ్‌కి 28, లెనిన్‌కి 22. అంటే ఆ తగాదాలో ఓడింది లెనినే! తర్వాత యూదు కార్మికుల బుంద్ ప్రతినిధులు ఐదుగురు, ఇంకో ఇద్దరు వేరే కారణాలతో సభ వదిలి వెళ్లిపోయారు. దాంతో పార్టీ పత్రిక సంపాదకవర్గం ఎన్నికలో లెనిన్ వైపుకి మెజారిటీ వచ్చింది. ఆ ఒక్క ఎన్నికతో వచ్చిన పేరు బోల్షివిక్, అంటే ఎక్కువమంది. అవతలి మార్తోవ్ వాళ్లకి మెన్షివిక్, అంటే తక్కువమంది, అన్న పేరు స్థిరపడింది. తర్వాత చాలా ఏళ్లు చాలాచోట్ల మెన్షివిక్కులే బలంగా ఉన్నా, ఆ పేరు మాత్రం మార్చుకోలేదు. మార్తోవ్ ఆ పేరుని ఎందుకు ఒప్పుకున్నాడా అని నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

కాడెట్లు అంటే రాజ్యాంగ ప్రజాస్వామ్యవాదులు, మిల్యుకోవ్ పార్టీ. 1905లో జార్ కళ్లకి వీళ్లు ప్రమాదకరమైన మార్పు కోరేవాళ్లు. 1917కి వచ్చేసరికి కొత్త సర్కారులో కుడివైపు ఉన్నవాళ్లలో వీళ్లూ చేరిపోయారు. వాళ్లు పెద్దగా కదల్లేదు, దేశమే వాళ్లని దాటిపోయింది. డ్యూమా అంటే జార్ ఇచ్చిన శాసనసభ. మొదటిది 1906లో మూడు నెలలు కూడా బతకలేదు, రెండోది 1907లో పోయింది. ఆ జూన్‌లో ప్రధాని స్తొలిపిన్ ఓటు హక్కు చట్టాన్ని భూస్వాములకి అనుకూలంగా తిరగరాశాకే మూడో డ్యూమా ఐదేళ్లూ నిలిచింది. డ్యూమాకి ఇంతకుమించి అక్కర్లేదు.

అసలు కథ సోవియట్‌ది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన మనకి అదొక దేశం పేరు. పుట్టినప్పుడు అది సమ్మె కమిటీ. 1905 జనవరి 9న పీటర్స్‌బర్గ్‌లో గపోన్ అనే మతగురువు వెంట జార్‌కి అర్జీ ఇవ్వడానికి బయల్దేరిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ ఏడంతా సమ్మెలే. అక్టోబర్‌లో పీటర్స్‌బర్గ్ కార్మికులు 500 మందికి ఒకరు చొప్పున ప్రతినిధుల్ని ఎన్నుకుని ఒక మండలి పెట్టుకున్నారు. రష్యన్‌లో సోవియట్ అంటే మండలే. పంపినవాళ్లకి నచ్చకపోతే ఆ ప్రతినిధిని వెనక్కి పిలిచి ఇంకొకర్ని పంపొచ్చు. ఏ పార్టీ పుస్తకంలోనూ లేని పద్ధతిని సమ్మె చేస్తున్నవాళ్లే అవసరం కొద్దీ కనిపెట్టుకున్నారు. డిసెంబర్ మొదట్లో ట్రాట్‌స్కీతో సహా మండలి నాయకుల్ని అరెస్టు చేశారు. బతికింది యాభై రోజులే అయినా జనం దాన్ని మర్చిపోలేదు.

ఎంతగా గుర్తుపెట్టుకున్నారో 1917లో తెలిసింది. ఫిబ్రవరి 23న, మహిళా దినం నాడు, పెట్రోగ్రాడ్‌లో (పీటర్స్‌బర్గ్‌కే కొత్త పేరు) మిల్లు ఆడవాళ్లు రొట్టె కోసం వీధికెక్కారు. 27న సిపాయిలు తిరగబడ్డారు. ఆ రోజే తావ్రిచెస్కీ రాజభవనంలో ఒకవైపు డ్యూమా పెద్దల కమిటీ, ఇంకోవైపు కార్మికుల, సిపాయిల సోవియట్ కూర్చున్నాయి. ఒకే కప్పు కింద రెండు అధికారాలు! పుస్తకంలో ద్వంద్వాధికారం అని నీకు కనపడింది ఇదే. డ్యూమా కమిటీలోంచి వచ్చిన తాత్కాలిక ప్రభుత్వానికి కుర్చీలు ఉన్నాయి, సోవియట్‌కి మనుషులున్నారు. యుద్ధ మంత్రి గుచ్కోవ్ మార్చి 9న సేనాధిపతి అలెక్సేయెవ్‌కి రాసిన ఉత్తరంలో ఈ మాట ఒప్పుకున్నాడు: సైన్యం, రైళ్లు, తంతి తపాలా సోవియట్ చేతిలో ఉన్నాయి, సోవియట్ ఒప్పుకున్నంత వరకే మా ఆజ్ఞలు నడుస్తున్నాయి అని.

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా ప్రాణమైనది మార్చి 1న వచ్చిన ఆర్డర్ నంబర్ 1. సోవియట్ సమావేశంలో సిపాయిలు చుట్టూ మూగి తలో మాట చెబుతుంటే రాసిన కాగితం అది. ప్రతి దళంలో సిపాయిలు కమిటీ ఎన్నుకోవాలి, ఆయుధాలు ఆ కమిటీ అదుపులో ఉండాలి, డ్యూమా సైనిక సంఘం ఆజ్ఞలు సోవియట్ మాటకి అడ్డు రానంత వరకే చెల్లుతాయి అని ఉంది. దాంతో పాటే ఇంకోటి ఉంది: అధికారులు సిపాయిని "నువ్వు" అనకూడదు. అధికారిని "ఏలినవారు" అనే తరహా బిరుదులతో పిలవక్కర్లేదు. ఇది చదివి ఇంగ్లీషు వాళ్లు చిన్న విషయం అనుకోవచ్చేమో గానీ, బావా, మనం అనుకోలేం. జీతం ఇచ్చేవాడు తండ్రి వయసు మనిషిని "ఒరేయ్" అంటుంటే విన్నవాళ్లం మనం. అవతల యుద్ధం, ఆకలి, రాజు దిగిపోయేది ఇంకో రోజులో. అలాంటప్పుడు కూడా తమని "మీరు" అనాలని కాగితం మీద రాయించుకున్నారంటే, విప్లవం ఎందుకొచ్చిందో దానికన్నా బాగా ఏ గణాంకమూ చెప్పదు.

ఏప్రిల్‌లో లెనిన్ తిరిగొచ్చి "సర్వాధికారాలూ సోవియట్లకే" అన్నాడు. అప్పుడు సోవియట్లలో మెజారిటీ మెన్షివిక్కులదీ ఎస్సార్లదీ. ఎస్సార్లంటే సోషలిస్టు విప్లవకారులు, రైతుల పార్టీ. జూలైలో బోల్షివిక్కుల మీద దాడులు మొదలైనప్పుడు లెనిన్ ఆ నినాదాన్ని పక్కన పెట్టించాడు. ఆగస్టులో జనరల్ కోర్నీలోవ్ తిరుగుబాటు విఫలమైంది. సెప్టెంబర్‌లో పెట్రోగ్రాడ్ సోవియట్‌లో బోల్షివిక్కులకే మెజారిటీ వచ్చేసరికి నినాదం మళ్లీ లేచింది. ఏప్రిల్లో ఆ నినాదం చెప్పింది వేరు, సెప్టెంబర్లో చెప్పింది వేరు. అక్టోబర్ 25 రాత్రి, బోల్షివిక్కులు అధికారం చేజిక్కించుకుంటుండగా, స్మోల్నీ భవనంలో సోవియట్ల రెండో మహాసభ మొదలవగానే మెన్షివిక్కులు, కుడి ఎస్సార్లు లేచి వెళ్లిపోయారు. కాసేపటికి మార్తోవ్ కూడా. ఉండి పోట్లాడి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

రాజ్యాంగ సభ ఎన్నికలు నవంబర్‌లో జరిగాయి. అందరికన్నా ఎక్కువ సీట్లు ఎస్సార్లకి, బోల్షివిక్కులకి దాదాపు పావు వంతు ఓట్లు. అప్పటికి ఎస్సార్లు కుడీ ఎడమా అని చీలిపోతున్నారు, అభ్యర్థుల జాబితాలు మాత్రం చీలకముందువి. ఇది నిజమైన లోపమే. దానికి మందు మళ్లీ ఎన్నిక గానీ సభకి తాళం కాదు కదా! 1918 జనవరి 5న కూడిన సభ ఆ ఒక్క సమావేశంతోనే సరి. ఎన్నికైన మండలి పేరు చెప్పి, ఎన్నికైన సభని బోల్షివిక్కులు మూసేశారు.

అదే ఏడాది చివర జర్మనీని చూడు. 1918 నవంబర్‌లో కీల్ నావికులు తిరగబడ్డాక అక్కడ కూడా ఊరూరా కార్మికుల, సిపాయిల మండళ్లు పుట్టాయి. అచ్చం సోవియట్లే. డిసెంబర్‌లో బెర్లిన్‌లో వాటి మహాసభ కూడి, అధికారం మాకొద్దు, జనవరి 19న జాతీయ సభకి ఎన్నికలు పెట్టండి అని తీర్మానించింది. రూపం ఒకటే, ఎంచుకున్న దారి వేరు. స్పార్టకస్ అనే తీవ్ర వామపక్ష బృందం నాయకురాలు రోజా లక్సెంబర్గ్ ఈ తీర్మానాన్ని వ్యతిరేకించింది. అయినా ఏడాది చివర కమ్యూనిస్టు పార్టీ స్థాపన సభలో, ఎన్నికల్లో పాల్గొందామని వాదించి ఓడిపోయింది. లెనిన్ రాజ్యాంగ సభని మూయడాన్ని జైల్లో ఉండగానే కాగితం మీద తప్పుపట్టిన మనిషి ఆమె. జనవరి 15న ఆమెనీ, ఆమె సహచరుడు లీబ్‌నెక్ట్‌నీ సైనికాధికారులు పట్టుకుని చంపేశారు. అప్పుడు సర్కారులో ఉన్నది ఆమె పాత పార్టీ వాళ్లే, సోషల్ డెమోక్రాట్లు. 1919 వసంతంలో బవేరియాలో, హంగరీలో మండళ్ల పేరుతో రిపబ్లిక్కులు లేచి కూలాయి. హంగరీది ఆగస్టు మొదటి దాకా లాగింది.

ఇక 1921, క్రోన్‌స్టాట్. ఈ అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం హడావిడిగా చదవొద్దు. 1917లో విప్లవానికి అండగా నిలిచిన ఓడరేవు అది. ఫిబ్రవరి 28న పెట్రోపావ్లోవ్‌స్క్ యుద్ధనౌక నావికులు చేసిన తీర్మానంలో మొదటి కోరికే సోవియట్లకి రహస్య ఓటుతో మళ్లీ ఎన్నికలు. తర్వాతది కార్మికులకీ రైతులకీ, అరాచకవాదులకీ, వామపక్ష సోషలిస్టులకీ మాట్లాడే స్వేచ్ఛ. వాళ్లు సోవియట్‌ని కూల్చమనలేదు, 1905లో ఉన్నట్టు ఉండమన్నారు. బోల్షివిక్ సేనాని తుఖచెవ్‌స్కీ సైన్యం గడ్డకట్టిన సముద్రం మీదుగా నడిచి వెళ్లి మార్చి 18 కల్లా వాళ్లని అణచేసింది. మాస్కోలో జరుగుతున్న పదో పార్టీ మహాసభ నుంచి కూడా ప్రతినిధులు ఆ దాడికి వెళ్లారు. అదే మహాసభ ధాన్యం లాక్కోవడం ఆపి పన్నుకి మారింది, పార్టీలో వర్గాలు పెట్టడాన్ని నిషేధించింది.

పుస్తకం మళ్లీ తెరువు. కావాలంటే 1917 మార్చి నుంచే చదువు, 1903 తర్వాత చూసుకోవచ్చు. ఎస్సార్ల భూమి కార్యక్రమం, అక్టోబర్‌లో లెనిన్ భూమి డిక్రీ పక్కపక్కన పెట్టి చూడు. ఏది ఎవరిదో నాకు రాయి, అక్కడ మనిద్దరికీ పోట్లాట తప్పదని నాకు అనిపిస్తోంది. అక్కయ్యని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బావ