మా తరగతి మానిటరు, ఆయన రిజిస్టరు

సంపాదకుల వారికి,
నమస్కారములు.

పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాల వార్తలు మీ జిల్లా పేజీల్లో ఇటీవల తరచుగా వస్తున్నాయి. ఫ్లెక్సీ ముందు వరుసగా నిలబడిన మిత్రులు, శాలువాలు కప్పించుకుంటున్న గురువులు, చివరన సహపంక్తి భోజనం, ఇవన్నీ ఫొటోల్లో కనిపిస్తాయి. ఎవరెక్కడ ఉన్నారో ఏళ్ల తరబడి ఆరా తీసి వారందరినీ అక్కడికి రప్పించిన మనిషి మాత్రం సాధారణంగా ఫొటోలో ఉండడు. వంటవాళ్ల దగ్గరో, ఆలస్యంగా దిగేవారి కోసం బస్టాండులోనో ఉంటాడు. ఒడిశా సరిహద్దు పట్టణమైన పర్లాకిమిడిలోని ఒక తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాల నుంచి 1974లో మెట్రిక్ రాసిన మా అందరికీ అటువంటివారు ఒకరుండేవారు. ఆయన గత నెల కాలం చేశారు. తన పేరు పత్రికకెక్కడం ఆయనకు ఏనాడూ ఇష్టం లేదు కనుక ఇక్కడా రాయడం లేదు. మేమంతా ఆయనను పిలిచింది 'మానిటరు' అనే. తొమ్మిదో తరగతిలో హాజరు పిలవడానికి మాస్టారు అప్పగించిన ఆ పదవికి ఆయన చివరి వరకూ రాజీనామా చేయలేదు.

సరిహద్దు ఊళ్లలో చదువుకున్నవారికి తప్ప ఆయన చేసిన పని విలువ వెంటనే బోధపడకపోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి, మహేంద్రతనయ నదికి ఆవల ఉన్న పాతపట్నం అటు ఆంధ్ర వైపుకు అయ్యాయి. మా తరగతిలో రెండు వైపుల పిల్లలూ ఉండేవారు. టెక్కలి, తెంబూరు వైపు నుంచి కొందరు, కాశీనగరం, గుణుపురం వైపు నుంచి కొందరు నౌపడ-గుణుపురం చిన్న రైలెక్కి వచ్చేవారు. చదువు ముగిశాక ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా పరీక్ష అడ్డు వచ్చింది. ఆంధ్రకు వెళితే ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చిన 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇక్కడ చదివినవారు స్థానికేతరులయ్యారు. రెండిళ్ల చుట్టం ఆకలితో పడుకున్నట్టుగా మా పరిస్థితి తయారైంది. దానితో కొందరు రైల్వేలోకి, కొందరు సైన్యంలోకి, మరికొందరు రూర్కెలా, భిలాయి ఉక్కు కర్మాగారాలకు, గంజాం కుర్రాళ్ల వెంట సూరత్ మగ్గాలకు చెదిరిపోయారు. ఊళ్లో మిగిలిన కొద్దిమందిలో ఆయన ఒకరు. బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా చేరి, అక్కడే తల నెరిసే దాకా పనిచేశారు.

ఆ దుకాణమే ఆయనకు సమాచార కేంద్రం. పెళ్లి బట్టలకు రెండు రాష్ట్రాల పల్లెల నుంచీ జనం అక్కడికే వచ్చేవారు. చీరలు పరచి చూపిస్తూనే "ఏ ఊరమ్మా మీది, ఇంటిపేరేమిటి, ఫలానావారు మీకేమవుతారు?" అని ఆయన మాట కలిపేవారు. దుకాణం యజమానికి ఈ ఆరాలు మొదట్లో చిరాకు పుట్టించినా, ఆ మాటల వల్లనే కొందరు ఇంకో దుకాణానికి పోకుండా కూర్చుంటున్నారని గ్రహించి ఊరుకున్నాడట. అలా తెలిసిన ప్రతి విషయమూ సాయంత్రం రిజిస్టరుకెక్కేది.

ఆ రిజిస్టరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నల్ల అట్టా ఎర్ర కాలికో వీపూ ఉన్న పొడవాటి బౌండు పుస్తకం అది. మా పేర్లు అందులో అక్షర క్రమంలో కాక, బడి హాజరు పట్టీలో ఉన్న రోల్ నంబర్ల వరుసలోనే ఉన్నాయి. చిరునామా గడిలో ఇంటి నంబరుకు బదులు "రామమందిరం వెనక పెంకుటిల్లు, ముందు సపోటా చెట్టు" వంటి గుర్తులుంటాయి. ఎవరైనా చనిపోతే పేరు కొట్టివేసేవారు కాదు. అదే గడిలో ఎర్ర సిరాతో తేదీ వేసి, కింద భార్య పేరో కొడుకు పేరో వారి ఫోన్ నంబరో చేర్చేవారు. దానివల్ల పోయినవారి పిల్లల పెళ్లి పిలుపులు నేటికీ మాకు అందుతున్నాయి.

తరగతిలో ఆడపిల్లలం కొద్దిమందిమే. సమ్మేళనాల నిర్వాహకులు చాలాచోట్ల మొదట వదిలేసేది మావంటివారినే. పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారతాయి, ఒక్కోసారి అత్తవారు పేరే మార్చేస్తారు. మానిటరు మమ్మల్ని పుట్టింటి అన్నదమ్ముల ద్వారా వెతికి పట్టుకున్నారు. ఫోను చేస్తే ఆ ఇంట్లో ఎవరేమనుకుంటారోనన్న జంకుతో, ముందుగా భర్త పేరనే ఉత్తరం రాసేవారు. "అయ్యా, మీ శ్రీమతిగారు మాతోపాటు చదువుకున్నారు. వారి రోల్ నంబరు ఫలానా. మీ ఇరువురి రాకను కోరుతున్నాము" అని మా ఇంటికి వచ్చిన కార్డును మావారు నాకు చదివి వినిపించిన తీరు చూసి మా అత్తగారు కూడా నవ్వారు.

ఈ పరిచయాలు భోజనాలతో ఆగిపోలేదు. జయపురం దగ్గర స్థిరపడిన ఒక సహాధ్యాయిని భర్తను కోల్పోయినప్పుడు, ఆ భర్త సర్వీసు పుస్తకంలో ఉన్న ఆమె పేరుకూ బడి రికార్డులోని పేరుకూ పొంతన లేక కుటుంబ పింఛను నిలిచిపోయింది. మానిటరు బడికి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించి నకలు సంపాదించారు. ఆ రెండు పేర్లూ ఒకరివేనని ఇద్దరు సహాధ్యాయుల చేత అఫిడవిట్ వేయించి, కాగితాలు తీసుకుని స్వయంగా వెళ్లారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరం దాటి శ్రీకాకుళం, గజపతి జిల్లాలను కుదిపేసినప్పుడు కరెంటూ ఫోన్లూ లేవు. మా వాట్సాప్ గ్రూపు మూగబోయింది. ఆ సపోటా చెట్ల గుర్తులే అప్పుడు పనికివచ్చాయి. ఆయన సైకిల్ మీద కాశీనగరం వైపూ, దారులు తెరుచుకున్నాక బస్సులో ఉద్దానం వైపూ వెళ్లి ఎవరి కప్పు ఎగిరిందో, ఎవరి జీడితోట పడిందో రాసుకొచ్చారు. సూరత్, భిలాయి మిత్రులు పంపిన డబ్బు ఆ జాబితా ప్రకారమే అందింది. లెక్కలన్నీ అదే పుస్తకం చివరి పేజీల్లో పైసలతో సహా ఉన్నాయి.

వాట్సాప్ ఉండగా రిజిస్టరెందుకని మాలో కొందరే అంటుంటారు. పొద్దున్నే పూల బొమ్మలు పంపుకోవడానికి గ్రూపు చాలు గానీ, ఆరు నెలలుగా మాట్లాడనివారు అలిగారా, మంచాన పడ్డారా అన్నది గ్రూపు చెప్పదు. వెళ్లి చూసేవారొకరుండాలి. ఆ పని మేమంతా ఒక్కరి మీదే వదిలేసి, ఏడాదికోసారి వచ్చి ఆయన వడ్డించింది తిని వెళ్లామన్నది ఒప్పుకోవలసిన నిజం.

ఏటా మేము కలిసేది ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి నాడు. 1880లో ఈ ఊరి బడిలో ఉపాధ్యాయులుగా చేరిన పంతులుగారు, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమహేంద్రవరం తరలిపోయారు. "పంతులుగారికే ఊరు మారక తప్పలేదు, మీరు మారారని బాధెందుకు, చిరునామా ఇచ్చి మారండి చాలు" అని మానిటరు సభలో అనేవారు. ఆ తేదీని ఎంచుకున్నదీ ఆయనే.

ప్రస్తుతం ఆ రిజిస్టరు ఆయన కోడలి వద్ద ఉంది. దినకర్మలు ముగిశాక మేము అడగకముందే ఆ అమ్మాయి దానిని బయటకు తీసి, ఇకపై ఎవరు రాస్తారని అడిగింది. ఊళ్లోనే ఉన్నాను కనుక నేను రాస్తానన్నాను. సైకిల్ తొక్కలేను గనుక తిరిగే పని మరో ఇద్దరు మిత్రులు పంచుకున్నారు. బరంపురం, రాయగడ, గుణుపురం, జయపురం తెలుగు బడుల్లో చదివిన ఇతర బ్యాచ్‌లవారికి నాదొక విన్నపం. మీలోనూ ఇటువంటివారు ఒకరుండే ఉంటారు. వారు ఓపికతో ఉండగానే పక్కన కూర్చుని వారికి తెలిసినదంతా రాసుకోండి. తెలుగు మాధ్యమంలో చేరే పిల్లలు తగ్గిపోతున్న బడుల్లో పాత అడ్మిషన్ రిజిస్టర్లకు చెద పట్టకముందే నకళ్లు తీయించుకోండి. పింఛను కాగితాల అవసరం ఎప్పుడు ఎవరికి పడుతుందో చెప్పలేము.

మా పుస్తకంలో కొన్ని రోల్ నంబర్ల ఎదురుగా చిరునామా గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. 1974లో మాతోపాటు పరీక్ష రాసినవారు గానీ, వారి పిల్లలు గానీ ఈ లేఖ చదివితే ఆగస్టు 29 ఉదయం పర్లాకిమిడికి రండి. రాలేనివారు బజారులోని ఆ బట్టల దుకాణంలో మీ ఊరూ ఫోన్ నంబరూ చెప్పి ఉంచితే చాలు, రాసుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని, విశ్రాంత ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.