నల్లగీతల దుప్పటి

పెడన,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. శుక్రవారం మేం ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. మన కలంకారీ అద్దకం రంగుల మీద నువ్వు కాలేజీలో మాట్లాడిన సంగతి బస్సులో మీ అమ్మ పక్కసీటావిడకి చెబుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "పిల్ల అంత బాగా మాట్లాడితే ఒక్క మాటా అనవేంటి?" అని బందరు బస్టాండులో దిగాక అడిగింది. ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు, నాకు చెప్పాల్సింది తెగిపోతుంది. అందుకని రాస్తున్నాను. మొత్తం చదివాకే నాకు ఫోన్ చెయ్యి.

ముందు సంతోషం చెప్పుకోనీ. మీ కాలేజీ చిన్నదని నువ్వు ఎప్పుడూ అంటుంటావు, పెద్ద కాలేజీలో సీటు వచ్చుంటే బాగుండేదని కూడా అన్నావు. నాకు మాత్రం ఆ చిన్నతనమే నచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ నీ పేరు చెప్పగానే "కెమిస్ట్రీ పాప వాళ్ల నాన్నగారా" అన్నాడు. వరండాలో తాడు కట్టి, బట్టలారేసే క్లిప్పులతో మీ పోస్టర్లు వేలాడదీశారు. సిస్టర్ గారు ప్రార్థన చేసి, ప్రతి పిల్ల పేరూ, ఊరూ, చేసిన పనీ చూసుకోకుండా చెప్పారు. బందరులో నోబుల్ దొర 1843లో బడి పెట్టిన దగ్గర్నుంచీ మన వైపు క్రైస్తవ కాలేజీలంటే ఒక గౌరవం. అది భవనాలను చూసి వచ్చింది కాదని మొన్న మళ్లీ అనిపించింది. హాస్టల్ పంపునీళ్లలో ఉప్పు కొలిచిన పిల్లా, డ్వాక్రా సంఘాల పద్దు పుస్తకాలు చదివిన పిల్లా, కొల్లేటి చేపల చెరువుల గురించి చెప్పిన పిల్లా, అందరికీ అదే పదిహేను నిమిషాలు, అదే మైకు. తల్లిదండ్రులకి ముందు వరసలో కుర్చీలు వేశారు. నేను కావాలనే వెనక కూర్చున్నాను. నీ గొంతు వెనక దాకా వస్తుందో లేదో చూద్దామని. వచ్చింది.

నువ్వు చూపించిన పట్టీలు ఉన్నాయే, ఆ పధ్నాలుగు గుడ్డముక్కలు, అవి చూసి నాకు ఒళ్లు పులకరించింది. ఇనుపముక్కలూ, బెల్లమూ, నీళ్లూ వేసిన మన నల్లబాన నేను ఇరవై ఎనిమిదేళ్లుగా వాసన చూసి చెబుతున్నాను, అయిందో కాలేదో. మా నాన్న వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాడు. నువ్వు మూడో రోజు ఒక ముక్క, ఏడో రోజు ఒక ముక్క అద్ది, పుల్లదనం కొలిచి పక్కన రాసి, వరసగా అంటించావు. బూడిదరంగు మెల్లగా నలుపవడం అక్కడ కళ్లకు కట్టింది. పధ్నాలుగో రోజు ముక్కకీ ఇరవై ఒకటో రోజు ముక్కకీ నాకు తేడా తెలియలేదు. అంటే చివరి వారం మనం ఊరికే ఆగుతున్నామా? నిన్న బాన మూత తీసి అదే ఆలోచిస్తూ నిలబడ్డాను. నా పనిలో నాకు తెలియనిది నా కూతురు చెప్పింది. ఆ మాట మీ అమ్మతో కూడా అనలేదు, ముందు నీకే రాస్తున్నాను.

పాల గురించి ఆ మాస్టారు అడిగినప్పుడూ బాగా చెప్పావు. కరక్కాయ నీళ్లలో పాలు ఎందుకు కలుపుతారంటే పాలలోని కొవ్వు రంగును పక్కకి పాకనివ్వదు, గీత గీతలా నిలబడుతుంది అన్నావు. ఆయన తలూపి రాసుకున్నాడు.

ఇప్పుడు నన్ను రెండు రోజులుగా నిద్రపోనివ్వని మాట.

చివర్లో ఆ మేడమ్ "ఈ రంగుల్లో లోపమేమీ లేదా అమ్మా?" అని అడిగారు. నువ్వు క్షణం ఆగకుండా "లేదు మేడమ్, ప్రకృతి సిద్ధమైనవి కాబట్టి ఏ హానీ ఉండదు" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను తల్లీ.

నీకు తెలుసు. మన ఇంట్లో పుట్టిన పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? నల్లరంగు బట్టను తింటుంది. నాయనమ్మ ఇనప్పెట్టెలో ఉన్న దుప్పటి గుర్తుందిగా, తాతయ్య తన పెళ్లికని తనే అద్దుకున్నది, చెట్టూ చిలకలూ ఉన్నది. పోయిన క్రిస్మస్‌కి ఎండకి వేద్దామని తీశాను. మడత విప్పుతుంటే ఒక చిలక ఊడి నా అరచేతిలో పడింది. చుట్టూ ఉన్న నల్లగీత మొత్తం పొడైపోయింది, కత్తెరతో కత్తిరించినట్టు చిలక వేరుగా వచ్చేసింది. దాని రెక్క మీది ఎరుపు మాత్రం నిన్న అద్దినట్టుంది. కోరా నేత గట్టిగా ఉంది, లాగితే చిరగదు. గీత ఉన్న చోటే పోయింది. నేను దాన్ని తెల్లకాగితంలో పెట్టి బైబిలు పక్కన దాచాను.

ఇనుము గాలితో కలిసి నూలుపోగును మెల్లమెల్లగా కొరుకుతుందనీ, బానలోని పులుపు దానికి తోడవుతుందనీ ఇదివరకు ఒక మ్యూజియం ఆయన మన షెడ్డుకి వచ్చినప్పుడు చెప్పాడు. పాత అద్దకం బట్టల్లో ముందు పోయేది నల్లగీతేనట. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన తీరం బట్టలు ఉన్నాయని చెప్పిందీ ఆయనే. దీనికి మీ కెమిస్ట్రీలో సరైన పేరూ, సమీకరణమూ ఉంటాయి. అవి నువ్వు నాకు చెప్పాలి.

ఎరుపు సంగతీ అంతే. "చెట్టు వేళ్ల నుంచి తీసిన ఎరుపు" అని తెరమీద వేశావు. ఆ వేళ్లు ఉడకబెట్టిన రోజులు మా తాత ముత్తాతలవి. మన షెడ్డులో రాగి కాగులో పడేది డబ్బాలో వచ్చే అలిజరిన్ పొడి. డబ్బా మూత తీసింది ఎన్నోసార్లు నువ్వే. 1869 ప్రాంతంలో జర్మనీలో గ్రేబ్, లీబర్‌మన్ అనే ఇద్దరు దాన్ని బొగ్గు తారులోంచి చేశారనీ, వేరులో ఉన్న ఎరుపూ వాళ్లు చేసిన ఎరుపూ ఒకటే పదార్థమనీ నాకు మొదట చెప్పింది ఎవరు? నువ్వే, సెకండియర్‌లో, అన్నం తింటూ. ఆ రాత్రి నీ కళ్లు ఎంత వెలిగాయో నాకు గుర్తుంది. అంత గొప్ప సంగతి చేతిలో పెట్టుకుని, దాన్ని వదిలేసి, చెట్టూ వేరూ అని ఎందుకు చెప్పావమ్మా? పటిక అద్దిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట కాలవలో జాడిస్తే పోతుంది. పొడి డబ్బాదైనా వేరుదైనా ఆ పట్టుకోవడం ఒక్కటే. పటిక అచ్చు వేసినప్పుడు బట్ట మీద రంగంటూ ఏమీ కనిపించదు, కాగులో జాజాకుతో ఉడుకుతుంటే పువ్వు పువ్వుగా బయటికొస్తుంది. చిన్నప్పుడు స్టూలేసుకుని చూసేదానివి. అదే చెబితే హాలంతా లేచి నిలబడేది.

నువ్వు ఎందుకు అలా చెప్పావో నాకు అర్థమైంది, అందుకే ఎక్కువ బాధ. ఆ మాటలు నావి. నేను ఎగ్జిబిషన్లలో స్టాలు పెట్టినప్పుడు బేరమాడే వాళ్లకి చెప్పే మాటలు. "అంతా చెట్టు రంగులే అమ్మా, ఏ హానీ లేదు, తరాలు నిలుస్తుంది." పదేళ్ల పిల్లవి నా పక్కన కూర్చుని చిల్లర లెక్కపెడుతూ విన్నావు. అవి నాకు బియ్యం తెచ్చిపెట్టిన మాటలు. నీ ఫీజు కట్టిన మాటలు కూడా. పవర్‌లూమ్ మీద స్క్రీన్ ప్రింటు కొట్టి కలంకారీ అని సగం ధరకి అమ్మేవాళ్ల పక్కన నిలబడి అమ్మాలంటే నాకు వేరే దారి కనపడలేదు. అమ్మేటప్పుడు మంచి సగమే చెప్పేవాడిని. ఆ మంచి సగంలో అబద్ధమూ కలిసింది. తప్పే. కానీ నువ్వు అక్కడ అమ్మడానికి నిలబడలేదు. ఆ హాల్లో ఎవరూ నీ దగ్గర చీర కొనరు. నిన్ను అడిగిన మేడమ్‌కి కావాల్సింది ఆ బట్టలో నిజంగా ఏం జరుగుతుందన్నదే.

మన చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లని చూశావుగా. ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నదీ, అప్పెంతైందీ, దేవుడి మీద ఎంత కోపమొచ్చిందీ చెప్పి ఆ తర్వాత మేలు చెప్పినావిడ మాట అందరికీ గుర్తుంటుంది. నీ పని కూడా నువ్వు అలాగే చెప్పాలని నా కోరిక.

మన పనికి చెడ్డపేరు వస్తుందని భయపడ్డావేమో. భయపడకు. 1686లో ఫ్రాన్సు రాజు, 1721లో ఇంగ్లండు పార్లమెంటు మన అద్దకం బట్టలు తమ దేశంలో ఉండకూడదని చట్టాలు చేశారని నువ్వే చూపించావు. అక్కడి నేతగాళ్లు అల్లాడిపోయేంతగా అమ్ముడుపోయిన బట్ట ఇది. దాన్ని కాపాడటానికి నువ్వు ఒక లోపం దాచక్కర్లేదు. పైగా ఆ లోపానికి మందు కనిపెట్టాల్సింది కూడా నీలాంటి వాళ్లే. బానలో ఇనుము తగ్గిస్తే బట్ట నిలుస్తుందా? అద్దాక సున్నపు నీళ్లలో ముంచితే పులుపు విరుగుతుందా? నాకు తెలియదు. నాన్న అడుగుతున్నాడనుకుని చూడు.

ఇంకొకటి, చిన్నదే. నీ మూడో స్లైడు మీద ఫాదర్ కూర్దూ అనే ఫ్రెంచి గురువు గారి పేరు పెద్ద అక్షరాలతో వేశావు. 1742లో ఆయన మన అద్దకం పద్ధతంతా, కరక్కాయతో సహా గేదెపాలతో సహా, ఉత్తరంగా రాసి పంపాడని చెప్పావు. చాలా బాగుంది. ఆయనకి అవన్నీ చెప్పింది తన దగ్గర బాప్తిస్మం తీసుకున్న అద్దకం పనివాళ్లేనని కూడా నువ్వే చెప్పావు. మరి ఆ పనివాళ్ల పేర్లేవీ? ఆయన పేరు రెండు వందల ఎనభై ఏళ్లు నిలిచింది. తర్వాతి స్లైడులో నువ్వు "స్థానిక కళాకారులు తెలిపిన ప్రకారం" అని రాశావు. ఆ కళాకారులు ఎవరో నాకు తెలుసు. ఒకడు నేను. సొంత తండ్రి చెప్పింది సాక్ష్యంగా పనికిరాదని అనుకున్నావో, అద్దకం బల్ల దగ్గర నిలబడేవాడి కూతురినని నలుగురిలో చెప్పుకోవడం ఇబ్బందైందో, నేను అడగను. నా పేరు వెయ్యకపోయినా పర్లేదు. కాగు దగ్గర ఉడకబెట్టే పిన్ని ఉందే, జాజాకు ఎప్పుడు వెయ్యాలో, మంట ఎప్పుడు తగ్గించాలో నీకు నేర్పింది ఆవిడే. పొగకి కళ్లు పాడయ్యాయి ఆవిడకి. ఆవిడని అడిగి, ఒప్పుకుంటే, ఇంటిపేరుతో సహా రాయి. నేను ఆవిడకి చదివి వినిపిస్తాను.

వచ్చే నెల ఇంకో కాలేజీలో మళ్లీ చెప్పాలన్నావుగా. అప్పటికి ఈ పని చేసి చూడు. నల్లది అద్దిన పట్టీ ఒకటి, ఎర్రది ఒకటి, ఉత్త కోరాది ఒకటి, ఒకే వెడల్పువి తీసుకో. కొస ముడేసి తూకం రాళ్లు ఒక్కొక్కటి వేలాడదీస్తూ పో. ఏది ఎంత బరువుకి తెగిందో రాసుకో. కొత్తవాటిలో తేడా రాకపోవచ్చు. ఎండలో నెల్లాళ్లు ఉంచినవి నేను పంపుతాను, షెడ్డు పైన ఇప్పటికే కట్టాను. పాత గుడ్డలు కావాలంటే ఊళ్లో నలుగురిని అడుగుతాను. వేసవిలో కాలవలు కట్టేస్తే ఎలాగూ జాడించే పని ఉండదు, అప్పుడు నువ్వొస్తే ఇద్దరం కలిసి చేద్దాం.

ఆ మేడమ్ దగ్గరికి రేపే వెళ్లు. "మీరడిగినదానికి నేను సరిగ్గా చెప్పలేదు మేడమ్" అని ఒక్క మాట చెప్పు. ఆవిడ ఏమీ అనరు. అన్నా, పడు.

మీ అమ్మ జంతికలు చేసింది, సగం హాస్టల్ పిల్లలకి ఇమ్మంది. సిస్టర్ గారికి వేరే పొట్లం ఉంది. దుప్పటి ఒక మూల కత్తిరించి అదే పార్సిల్లో అట్టల మధ్య పెట్టాను. కత్తెర పెట్టేముందు నాయనమ్మని అడిగాను. "పిల్ల చదువుకే కదా, కొయ్యి" అంది. చిలక కూడా అందులోనే ఉంది, కాగితం మడతలో. పార్సిల్ విప్పేటప్పుడు ఫ్యాన్ ఆపు. నల్లగీతల దగ్గర పట్టుకోకు, ఎర్రంచు కింద చెయ్యి పెట్టి తియ్యి.

మీ నాన్న