డబ్బు ఎవరిదో కూడా రాయండి

సంపాదకులు గారికి,

'ఓ అధ్యయనంలో తేలింది' అన్న మాట మీ పేజీల్లో తరచూ కనబడుతుంది. ఏ యూనివర్సిటీ వాళ్లు చేశారో, ఎంతమంది మీద చేశారో రాస్తారు. ఖర్చు ఎవరు పెట్టుకున్నారన్నది మాత్రం ఉండదు. నా ఫిర్యాదు అదే.

1967లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు పేరున్న వైద్య పత్రికలో గుండెజబ్బుల మీద ఒక సమీక్ష రాశారు. నేరమంతా కొవ్వు మీద పెట్టి, చక్కెరను దాదాపు వదిలేశారు. దీనికోసం అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ 6,500 డాలర్ల దాకా ఇచ్చిందని పాత ఉత్తరాలు తిరగేస్తే 2016లో బయటపడింది. డబ్బు వివరం చెప్పాలన్న నియమం ఆ పత్రిక 1984లో గానీ పెట్టలేదు. అంటే వాళ్లు ఏ రూలూ తప్పలేదన్నమాట!

డబ్బు తీసుకున్నవాళ్లంతా అంకెలు మార్చేస్తారని నేననను. అంత శ్రమ అక్కర్లేదు. కొత్త మందును దేనితో పోల్చాలి, ఎన్ని వారాలు చూడాలి అన్నవి ముందే తమకు కలిసొచ్చేలా పెట్టుకుంటే, ఆ తర్వాత లెక్క నిజాయతీగానే చేయొచ్చు. ఇంకా సులువైన దారి, నచ్చని ఫలితాన్ని సొరుగులో పడేయడం. డిప్రెషన్ మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన 74 ట్రయల్స్‌ను (మనుషుల మీద మందును పరీక్షించి చూసే అధ్యయనాలను) కొందరు పరిశోధకులు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మందు పనిచేసిందని ఆ సంస్థ ఒప్పుకున్నవి 38. వాటిలో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36లో 22 అచ్చుకే రాలేదు. 11 మాత్రం మందు పనిచేసిందనిపించేలా వచ్చాయి. ఉన్నదున్నట్టు వచ్చినవి మూడే. కూడి చూడండి: జర్నల్స్ చదివే డాక్టరుకు కనబడేవి 51, అందులో 48 మందుకు అనుకూలం. అసలు లెక్కలో సగం సగం.

అలాగని 'అన్నీ అమ్ముడుపోయిన స్టడీలే' అని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. కంపెనీలు ఖర్చు పెట్టకపోతే చాలా మందులకు ట్రయల్సే జరగవు. పైగా అనుమానంతోనూ వ్యాపారం చేయొచ్చు. 1954లో అమెరికా సిగరెట్ కంపెనీలు వందలాది పత్రికల్లో ప్రకటన వేయించి, పొగ వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి రుజువు లేదన్నాయి, పరిశోధనకు తామే డబ్బిస్తామన్నాయి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పేపర్ సంగతీ తెలిసిందే. 12 మంది పిల్లలతో రాసిన ఆ పేపర్ ముఖ్య రచయితకు, టీకా కంపెనీల మీద దావాకు సిద్ధమవుతున్న లాయర్ల వైపు నుంచి డబ్బు అందింది. 2010లో దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే వెనక్కి తీసుకుంది. కాబట్టి కంపెనీని తిట్టే అధ్యయనానికి కూడా డబ్బెవరిచ్చారని అడగాల్సిందే.

నేను కోరేది వార్త చివర ఒక్క వాక్యం. నిధులెవరివి, ట్రయల్ అయితే మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేశారా లేదా (చేసి ఉంటే నచ్చని ఫలితాన్ని సొరుగులో పడేయడం కష్టం), అంతే. ఈ వివరాలు చాలావరకు పరిశోధన పేపర్ చివర్లో రాసే ఉంటాయి. మీ విలేకరి ప్రెస్ నోట్‌తో ఆగిపోకుండా అక్కడిదాకా చదివితే చాలు. డబ్బు తీసుకుని వేసే వార్త మీద 'ప్రకటన' అని చిన్నక్షరాల్లోనైనా వేస్తున్నారు కదా, ముందు ఆరోగ్యం పేజీలో ఇదీ మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు