కొల్లేరు పాఠానికి లక్ష రూపాయలు లేవా?

సంపాదకులకు నమస్కారం.

మా కైకలూరు వైపు చేపల చెరువులున్న ఏ రైతునైనా అడగండి, తన నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో టకటకా చెప్తాడు. సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపిస్తాడు. మబ్బు పట్టిందంటే టెన్షన్‌తో తెల్లవార్లూ గట్టు మీదే ఉంటాడు. లక్షల పెట్టుబడి మరి! గట్టు అవతల కొల్లేరు నీళ్లెలా ఉన్నాయని ఆయన్నే అడిగితే మాత్రం ‘అది గవర్నమెంటు చూసుకోవాలి’ అంటాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కొల్లేటి లంక గ్రామాల్లో చాలా ఏళ్లు సైన్సు మాస్టారుగా పనిచేశాను. ఆవరణ వ్యవస్థ పాఠం చెప్పి బొమ్మ గీయించానే గానీ, బడి వెనకున్న కిక్కిస దాకా పిల్లల్ని నడిపించుకెళ్లింది రెండు మూడుసార్లే.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో పొక్లెయిన్లు తెచ్చి, సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొన్నేళ్లకే చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద ఇక్కడ ఆగి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. దారి మూస్తే నీళ్లు ఎవరి ఇంట్లోకి వస్తాయో ఊళ్లో కూర్చోబెట్టి చెప్పే పనికి అప్పుడూ పెద్దగా డబ్బు పెట్టలేదు, ఇప్పుడూ లేదు.

పథకాలు లేక కాదు. జలావరణాల పరిరక్షణకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించే జాతీయ పథకం ఉంది. స్థానికుల్ని ‘వెట్‌ల్యాండ్ మిత్ర’లుగా (చిత్తడి నేలల నేస్తాలుగా) చేర్చుకోవాలని కేంద్ర పర్యావరణ శాఖే చెప్పింది. 2023-24 బడ్జెట్‌లో చిత్తడి నేలల కోసం అమృత్ ధరోహర్ పథకం ప్రకటించినప్పుడు, చిత్తడి నేలల్ని కాపాడుతూ వచ్చింది అక్కడి జనమేనన్నారు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) డబ్బును పర్యావరణానికి వాడుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఈ డబ్బు ఊరి దాకా ఎలా వస్తుందో ఒకసారి చూశాను. నీటి పరీక్ష కిట్లకు, పక్షుల్ని చూసే రెండు బైనాక్యులర్లకు కలిపి నలభై వేలు అడుగుతూ, బడి తరఫున, మత్స్యకారుల సొసైటీ తరఫున ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాం. మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలన్నారు. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూసి ఇస్తామన్నారు. వల మీద బతికేవాళ్లు నలభై వేలు ముందుగా ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ ఏడు ఫిబ్రవరి 2న, చిత్తడి నేలల దినం నాడు, ఫ్లెక్సీ వచ్చింది, ర్యాలీ జరిగింది. పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు పంచారు, ఫొటో తీశారు.

లక్ష రూపాయల లోపు గ్రాంటుకు తెలుగులో ఒక్క పేజీ దరఖాస్తు చాలదా? సగం డబ్బు ముందే ఇచ్చి, లెక్కలు పంచాయతీ గోడ మీద రాయించండి. నీళ్లు, పక్షులు, గుర్రపుడెక్క ఎంత పెరిగిందీ పిల్లలు నెలనెలా నోట్‌బుక్‌లో రాస్తారు. ఒకప్పుడు కొర్రమీను, మట్టగిడస ఎక్కడ దొరికేవో చెప్పడానికి ఇక్కడ చేపలు పట్టి బతికే వడ్డి కులం పెద్దల్ని బడికి పిలిచి, కూలి పోకుండా ఆ రోజుకు డబ్బివ్వండి. గెస్టు లెక్చరర్లకు ఇస్తాం కదా! ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి పట్నం నుంచి కార్లలో వస్తారు. పక్క ఊరి పిల్లలకు వాటి గురించి చెప్పేవాళ్లు లేరు.

వచ్చే ఫిబ్రవరిలోగా కొల్లేటి చుట్టూ పది బడులకైనా ఇచ్చి చూడమని అధికారుల్ని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కైకలూరు